ముగ్గురు చదివిన కాగితం

పట్వారి జగపతిరావు పైసా అడగకుండా నా బిడ్డకు ఆదాయం కాగితం రాసిచ్చాడు. కోడిపిల్లనైనా తెమ్మనలేదు. అందుకే నాకు అనుమానం వచ్చింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు పట్టుకునే మనిషి, మొగుడు పోయిన ఆడదానికి ఉత్తగా ఉపకారం చేస్తాడా? మా నాయిన ఇట్లాగే ఏదో కాగితం మీద వేలిముద్ర వేసి నాలుగెకరాలు పోగొట్టుకున్నాడు. నాకు మిగిలింది రెండెకరాలు.

నా బిడ్డ కౌసల్యకు వరంగల్ కాలేజీలో సీటు వచ్చింది. స్కాలర్‌షిప్ వస్తేనే హాస్టల్, హాస్టల్ ఉంటేనే చదువు. మేము బయలుదేరిన రోజే దరఖాస్తుకు ఆఖరు. కాలేజీ గుమస్తా ముందర ఆ కాగితం మీద నా వేలిముద్ర పడాలి.

"నేను చదివిన గదనే అవ్వా, అన్నీ సక్కగనే ఉన్నయి," అంది పిల్ల పొద్దున్నే.

దాని మాట నేను లెక్కలోకి తీసుకోలేదు. ఆశపడ్డ కండ్లకు మోసం కనబడదు. చదువురానివాళ్ల కోసం మా అవ్వ నేర్పిన దారి ఒకటుంది. ఒకరినొకరు ఎరగని ముగ్గురితో చదివించాలి, మూడు మాటలూ కలిస్తేనే నమ్మాలి.

నర్సింహులపేటలో బస్సెక్కగానే కండక్టర్‌కు చూపించాను. "సాలుకు నీ ఆమ్దానీ పన్నెండు వందలని ఉన్నదక్కా," అని ఆదాయం లెక్క చెప్పాడు. తొర్రూరులో బస్సు మారేటప్పుడు ఎరువుల కొట్టు గుమస్తాతో చదివిస్తే అతనూ అదే అన్నాడు. ఆ చదివించుకోవడంలో ఒక బస్సు వెళ్లిపోయింది. కౌసల్య పళ్లు బిగబట్టుకుని నిలబడింది.

కాలేజీ చేరేసరికి మూడు దాటింది. గేటు దగ్గర ఒక కళ్లద్దాలాయనను ఆపాను. ఆయన కింది వరుస దాకా చదివి, "నీ రెండెకరాల భూమి సంగతి కూడా రాసిన్రమ్మా," అన్నాడు.

ఆయన చేతిలోంచి కాగితం గుంజుకున్నాను.

"సూసినవా! భూమి కాడికే వచ్చిండు! ఆ ఇద్దరు చెప్పనే లేదు. నేను ముద్దర ఎయ్య. పా ఇంటికి!"

కౌసల్య కదల్లేదు.

"రెండెకరాల మీద గంతే వస్తదని రాసిండే, భూమి ఎవ్వలికీ రాసియ్యలే. అన్నీ సక్కగనే ఉన్నయని ఇంట్లనే చెప్పిన. బస్సోన్ని నమ్మినవ్, కొట్టోన్ని నమ్మినవ్, నన్ను నమ్మలే. మరి గిన్నేండ్లు నన్ను బడికెందుకు తోలినవ్?"

సిగ్గేసింది. కూలికి పోయి చదివించింది నేనే, దాని చదువును నమ్మనిదీ నేనే. పట్వారి మీద అనుమానం ఇప్పటికీ పోలేదు, అది వేరే సంగతి.

లోపలికి పోయేసరికి గుమస్తా బీరువాకు తాళం వేస్తున్నాడు. విసుక్కుంటూనే సిరా డబ్బా ముందుకు తోశాడు.

"గిండ్ల ఏమున్నదో తెలుసా? ఎవలన్న చదివి చెప్పిన్రా?"

"నా బిడ్డ చదివింది," అన్నాను.