గుర్వమ్మ ముక్కుపుడక

గుర్వమ్మ ఒకటి అనుకున్నదంటే ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా వినదు. మోకాళ్లు అరిగిపోయి మంద వెంట తిరగలేనని తేలిన ఏడు, తన గొర్రెలమ్మి వజ్రపు ముక్కుపుడక కొంటానన్నది. మందంతా కాదు, తన గొర్రెలు. పెళ్లినాడు తల్లి అరణంగా ఇచ్చిన గొర్రెపిల్ల, దాని కడుపున పుట్టినవి, మళ్లీ వాటి కడుపున పుట్టినవి. అరణం మీద మొగుడికి హక్కు లేదు. ఆ పైకం ఇంట్లో పెడితే ఉప్పుకో పప్పుకో కరిగిపోతుంది, తల్లి గుర్తు ఒక్కటైనా ఒంటి మీద మిగలాలని ఆమె పట్టుదల.

"గొర్లకాడి ముసల్దానికి వజ్రమెందుకే?" అని ఐలేశం నవ్వాడు. నవ్వుతూనే, గొర్రెలమ్మిన పైకంతో బయల్దేరిన పెళ్లాం వెంట జడ్చర్ల బస్సెక్కాడు.

నగల కొట్టు రాజేశ్ మాటకారి. నల్ల మఖమలు గుడ్డ మీద రెండు విడి రాళ్లు పెట్టి, నచ్చినదాన్ని బంగారంలో పొదిగిస్తానన్నాడు. పెద్దది దీపాల కింద ధగధగ మెరిసిపోతోంది. దాని పక్కన రెండోది నలుసంత.

"గీ పెద్దదే తీస్కో. సంతల పొట్టేలు తీరుగ కొట్టొచ్చినట్టు కనబడ్తాంది," అన్నాడు ఐలేశం.

గుర్వమ్మ మనసూ దాని మీదికే లాగింది.

"దీనికి ల్యాబు సర్టిఫికెట్ గూడ ఉన్నది పెద్దమ్మా. కోత, రంగు, లోపలి మచ్చలు, బరువు, అన్ని రాసున్నయి. ఫికర్ చెయ్యకు," అన్నాడు రాజేశ్.

కాయితం మాట వినగానే గుర్వమ్మకు ఒళ్లు మండింది. కొత్తకోట సంతలో ఒక దళారి ఇలాగే చెవికి వేసిన బీమా నంబరు బిళ్ల చూపించి ఆమెకు ఒక గొర్రెను అంటగట్టాడు. బీమా ఉందన్నాడు, రెండు ఈతలదే, ఇంకా వయసులోనే ఉందన్నాడు. అది చచ్చాక తెలిసింది, బిళ్ల వేరే గొర్రెదని. గొర్రెల ఇంట పుట్టి, పళ్లు చూసి వయసు కట్టకుండా బిళ్ల చూసి కొన్నదని ఊరంతా నవ్వింది. ఆ ఉడుకు ఇంకా చల్లారలేదు.

"కాయితం మంచిదే బిడ్డా. గీ కాయితం గీ రాయిదేనని ఎట్ల తెల్వాలె? రాయి అంచు మీద నంబరు చెక్కుతరని మా బిడ్డ శ్రీవాణి చెప్పింది. చూపియ్యి."

రాజేశ్ నవ్వు సన్నబడింది. "గది ఉత్త కండ్లకు కనబడదు పెద్దమ్మా. భూతద్దం పొదిగేటాయన కాడున్నది. ఆయన బువ్వకు పోయిండు."

"రానీ. కూసుంటం."

"బస్సు పోతదే! ఇజ్జత్ తియ్యకు," అని గొణిగాడు ఐలేశం.

"బస్సు పోతే ఇంకోటొస్తది. మా అమ్మ ఇచ్చిన గొర్రె పోతే మల్ల రాదు."

ఊరికే కూర్చోలేదు. గొర్రెను దొడ్డి చీకట్లో ఎవరు కొంటారు? రాళ్లను తెల్లకాగితం మీద పెట్టించి, రాజేశ్‌నూ వెంటబెట్టుకుని వాకిలి వెలుగులోకి నడిచింది. దీపాల కింద అంత మెరిసిన పెద్ద రాయి అక్కడ పాతనెయ్యిలా పచ్చగా తేలింది. చిన్నది మాత్రం నీటిచుక్కలా తేటగా ఉంది.

పొదిగే ఆయన వచ్చాక భూతద్దం పెట్టి పెద్ద రాయిని చుట్టూ తిప్పారు. దాని అంచు మీద ఏ నంబరూ లేదు.

"పొట్లాలు కలిసిపోయినట్టున్నయి," అన్నాడు రాజేశ్. నిజంగా కలిశాయో, కలిపారో ఆయనకే తెలియాలి.

చిన్న రాయి వంతు వచ్చింది. దానికీ ఒక సర్టిఫికెట్ ఉంది, ఆ కాగితం గుర్వమ్మ తన చేతిలో పట్టుకుంది. ఐలేశం ఒక కన్ను మూసి, రెండో కన్ను భూతద్దానికి ఆనించి, సంతలో వేలం పాడినట్టు ఒక్కో అంకె అరిచాడు. ఒక్కటీ తప్పలేదు.

"గిదే. నా ముంగటనే పొదుగు," అని గుర్వమ్మ పీట లాక్కుని పొదిగే ఆయన ఎదురుగా కూర్చున్నది. పని అయ్యేదాకా రాయి మీద నుంచి చూపు తిప్పలేదు.

తిరుగు బస్సులో ఐలేశం ఆమె ముక్కు వైపు వంగి వంగి చూశాడు. "ఇంత జేసి గింత నలుసు తెచ్చుకున్నవ్. ఎవలకు కనబడ్తదే?"

"మా అమ్మ ఇచ్చిన్నాడు గా గొర్రెపిల్ల గూడ గింతే ఉండె. నా సంకల పట్టింది. గప్పుడు గూడ నువ్వు గిట్లనే నవ్వినవ్. దాని పిల్లల పిల్లలతోనే మన దొడ్డి నిండింది."

ఐలేశం లేచి, కిటికీ పక్కన వెలుతురు పడే సీటు ఆమెకిచ్చాడు.