బావగారి బరువు

మేకులు, గొలుసులు, తాళ్ళు అమ్మి తలపండిన వ్యాపారి అతను. కాటా ఎక్కని సరుకును సరుకే అనడు. అలాంటివాడు ఆ మిట్టమధ్యాహ్నం, బావమరిది చిన్నోడు అద్దెకు తెచ్చిన బుల్లి విమానంలో, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని వెనక సీట్లో ఇరుక్కున్నాడు. భార్య ముందు సీట్లో తమ్ముడి పక్కన కూర్చుంది. ఆమె సంచులు మూడూ వ్యాపారి చుట్టూ. చిన్నోడికి లైసెన్స్ చేతికొచ్చి ఇంకా నెల తిరగలేదు.

గడ్డి రన్‌వే మీద విమానం పరుగెత్తింది. పరుగెత్తుతూనే ఉంది. సగం దాటినా చక్రాలకు నేల వదిలే ఉద్దేశమే లేదు. చివర కంచె మీదికొస్తోంది.

“ఒరే, ఇది లేచే బేరం కాదు. ఆపు!”

“లేస్తుంది బావా, ఒక్క నిమిషం!”

“నిమిషానికి కంచెలో ఉంటాం!”

అక్క ముందు ఆపడం నామోషీ అనుకున్నాడో ఏమో, చిన్నోడు స్టీరింగును ఒళ్ళోకి లాక్కున్నాడు. విమానం ఒక్క గంతేసి, చతికిలబడి, కంచె తెంచుకుని, దున్నిన మట్టిలో ముక్కు గుచ్చింది.

ముగ్గురూ బయటికి పాక్కుంటూ వచ్చారు. భార్య మోచేయి గీరుకుపోయింది. వ్యాపారి మోకాలు వాచింది.

“గాలి బావా,” అన్నాడు చిన్నోడు. “ఉన్నట్టుండి వెనకనుంచి కొట్టింది.”

గాలివాటం తెలియడానికి స్తంభానికి కట్టిన గాలిసంచి, ఆరేసిన లాగులా, కదలకుండా వేలాడుతోంది.

“మా బరువులు లెక్కేశావా?”

“వేశాను.”

“నాకెంత?”

“డెబ్బై.”

“డెబ్బయ్యా! నోరు తెరిచి అడగలేకపోయావా?”

“పెద్దవారు. మిమ్మల్ని పట్టుకుని బరువెంతని ఎలా అడుగుతాను? మర్యాదగా ఉంటుందా?”

“నీ మర్యాద మండా! మరి మీ అక్కని?”

“అడిగాను. యాభై అంది.”

వ్యాపారి భార్యకేసి చూశాడు. ఆవిడ సంచులకంటిన మట్టి దులపడంలో మునిగిపోయింది.

అంతలో దూరంగా, చిన్నోడికి విమానం నేర్పిన మాస్టారి జీపు కనిపించింది.

“బావా, మీ కాళ్ళు పట్టుకుంటాను, గాలి అనే చెప్పండి. నిజం తెలిస్తే మళ్ళీ ఎక్కనివ్వరు. ఆదివారం నా స్నేహితుణ్ణీ వాడి పిల్లల్నీ తిప్పుతానని మాటిచ్చాను.”

“ఒక్క మాటే కదండీ,” అంది భార్య. “మనకేం పోయింది?”

ఇవాళ ముగ్గురం మిగిలాం, అది లాభం కాదు, అదృష్టం అనుకున్నాడు వ్యాపారి. అదృష్టాన్ని పెట్టుబడిగా పెట్టి ఎవరి పిల్లల్నో ఎక్కిస్తానంటాడు వీడు!

మాస్టారు జీపు దిగాడు. “ఏమైంది?”

“గాలీ గీలీ ఏం లేదండీ,” అన్నాడు వ్యాపారి. “నేను తొంభై ఆరు కిలోలు, డెబ్బై వేశాడు. ఈవిడ యాభై దాటి చాలా కాలమైంది. సంచులు ఎవరూ తూచలేదు. ఆపమన్నా ఆపలేదు.”

మాస్టారు చేయి చాచాడు. చిన్నోడు విమానం తాళంచెవి ఇచ్చేశాడు.

“మళ్ళీ మొదటినుంచి నా పక్కన కూర్చుని నేర్చుకో. ఆ తర్వాత చూద్దాం.”

జీపు వెళ్ళేదాకా భార్య పళ్ళ బిగువున ఆగింది. “మీరసలు మనిషేనా? వాడి పరువు తీశారు సరే, పరాయి మగవాడి ముందు నా బరువెందుకండీ?”

వ్యాపారి సంచులెత్తుకుని కుంటుకుంటూ బస్సు రోడ్డు వైపు బయల్దేరాడు. వెనక చిన్నోడు ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

“ఆదివారం కుదరదురా.”

అవతలివాడు ఎందుకని గదమాయించినట్టున్నాడు.

“నాకింకా సరిగ్గా రాదు,” అన్నాడు చిన్నోడు.