ఇద్దరూ ఒక్కరేనన్న ఆరోపణ

ఇరవై ఆరేళ్ల కువైత్ ఉద్యోగంలో భీమరాజు గారు సబ్హాన్ గిడ్డంగి నుంచి ఒక పెన్సిలు ముక్కైనా ఇంటికి తెచ్చుకొన్నవారు కాదు. అటువంటి హెడ్ స్టోర్‌కీపరును, 2009 మార్చిలో ఒక శుక్రవారం ఉదయం, మంగఫ్‌లోని ఆయన ఫ్లాటులోనే, కంప్యూటరు తెర మోసగాడన్నది.

సరిగ్గా ఆ మాట అనలేదు. ఇంటర్నెట్‌లో చదరంగం ఆడించే ఆ కంపెనీ మర్యాదగానే వ్రాసింది. ఒకే మనిషి రెండు పేర్లతో ఖాతాలు తెరిచి, ఒక పేరుతో కావాలని ఓడి, రెండో పేరును గెలిపించుకొంటున్నట్లు తేలినందువల్ల, రెండు ఖాతాలనూ నిషేధించడమైనదట. అభ్యంతరముంటే పద్నాలుగు రోజుల్లో తెలుపవచ్చునట.

"చిట్టెమ్మా! నేనూ దేవన్నా ఒకే మనిషిమట!"

"అయితే ఇవాళ ఒక్కరికి వండితే చాలన్నమాట," అన్నది భార్య వంటింట్లోంచి.

దేవన్న అదే గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు, జగిత్యాల వైపు మనిషి. ఐదేళ్లుగా ప్రతి శుక్రవారం పక్క వీధిలోని లేబర్ క్వార్టర్స్ నుంచి వచ్చి, భీమరాజు గారి చెక్క బల్ల ముందు కూర్చునేవాడు. వచ్చే నెలాఖరుకు భీమరాజు గారి నివాస అనుమతి, ఇఖామా, గడువు ముగుస్తుంది. ఆ పిమ్మట సొంతూరు అమలాపురమే. ఆట మాత్రం ఆగరాదని ఆయనే జనవరిలో ఇద్దరికీ ఖాతాలు తెరిచారు. అలవాటు కావాలని దేవన్నను పాత ల్యాప్‌టాప్‌తో పడకగదిలో కూర్చోబెట్టి తలుపు వేయించేవారు. తాను హాల్లో ఉండి, అమలాపురంలో ఉన్నట్లు భావించుకొనేవారు. ఇంట్లో ఉన్న ఇంటర్నెట్ లైను ఒక్కటే. కంపెనీకి ఇద్దరూ ఒకే గడపలోంచి కనబడ్డారు.

ఆనాడే భీమరాజు గారు మూడు పేజీల ఆంగ్ల లేఖ వ్రాశారు. ఇద్దరూ ఆనాటి పత్రికను చెరొక అంచూ పట్టుకొని నిలబడగా చిట్టెమ్మ ఫోటో తీసింది. "నవ్వకోయ్, ఇది సాక్ష్యం," అని ఆయన గద్దించేసరికి దేవన్నకు మరింత నవ్వు వచ్చింది.

బుధవారం సాయంత్రం జవాబు వచ్చింది. మీరు ఇద్దరేనని ఒప్పుకొంటున్నాము. కాని జతపరచిన మూడు ఆటలలో దేవన్న గారు గెలుపు చేతిలో ఉండగా కావాలనే ఓడినారు. ఆ సంగతి మీకు తెలియదని వ్రాసి ఇచ్చినచో మీ ఖాతా తిరిగి ఇస్తాము; వారి నిషేధం శాశ్వతము.

భీమరాజు గారు చెక్క బల్ల మీద మొదటి ఆట పేర్చారు. ఫిబ్రవరిలో తాను గెలిచి, చిట్టెమ్మకు మూడుసార్లు వర్ణించిన ఆట అది. నల్ల మంత్రి ఒక్క గడి జరిగితే చాలు, ఆట కట్టు. దేవన్న ఆ మంత్రిని వదిలి, మూలనున్న బంటును జరిపాడు. ఆయన చెవులు వేడెక్కాయి. మిగతా రెండూ పేర్చారు. అవీ అంతే.

శుక్రవారం దేవన్న చెప్పులు విడుస్తుండగానే ఆయన బల్ల చూపించారు. "ఏమిటోయ్ ఇది?"

దేవన్న బల్లను చూశాడు, ఆయనను చూశాడు. "దొరికినమా సారూ?"

"నన్ను అవమానించావు."

"అవమానమెట్లయితది? మొదటి ఏడు ఒక్కపారి గెలిచిన. మీరు తలనొప్పని రెండు శుక్రారాలు తలుపు తియ్యలె. నాకేమొ సుట్టి దినం పోతందుకు ఇంకో జాగ లేకపాయె."

"అందుకని ఐదేళ్లు ఓడతావా?"

"ఓడుడు అల్కగుంటదనుకున్నరా సారూ? ఒక్కోపారి మీరే ఓడిపోతందుకు తయారైతరు. మల్ల మిమ్ముల గట్టెక్కియ్యాలె. ఫోర్క్‌లిఫ్టే నయం."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. చిట్టెమ్మ నవ్వు ఆపుకొంటున్నదని ఆయనకు తెలుసు.

తెలియదని వ్రాయడానికి ఒక్క వాక్యం చాలును. అది నిజం కూడాను. కాని ఆ వాక్యంతో అమలాపురంలో తానొక్కడే గెలుపు పట్టిక ముందు కూర్చోవలసి వస్తుంది, పక్క వీధి మనిషి లేకుండా.

ఆయన కళ్లజోడు తుడుచుకొని కీబోర్డు దగ్గరికి జరిగారు. "అయ్యా, నా మిత్రుడు నాకన్న మేలైన ఆటగాడు. ఓటమిని మర్యాదగా స్వీకరించడం నాకు చేతకానందువల్ల అతడు అది తన మీద వేసుకొన్నాడు. తప్పు నాతో మొదలైనది. నిషేధించదలచినచో ఇద్దరినీ నిషేధించండి," అని ఆంగ్లంలో వ్రాశారు. జీవితంలో ఆయన వ్రాసిన అతి చిన్న లేఖ అదే.

తొమ్మిది రోజులకు రెండు ఖాతాలూ తెరుచుకొన్నాయి, హెచ్చరికతో. పాత గెలుపులన్నీ రద్దు కావడంతో భీమరాజు గారి స్థానం పట్టిక అడుగుకు దిగింది.

ఆ తర్వాతి శుక్రవారం దేవన్న పడకగది తలుపు వేసుకొన్నాడు. పందొమ్మిది ఎత్తుల్లో భీమరాజు గారి ఆట కట్టింది. కాసేపటికి తలుపు కొద్దిగా తెరుచుకొని, సందులోంచి తల బయటికి వచ్చింది.

"సారూ... తలనొప్పి లేదు గదా?"

భీమరాజు గారు తెర వైపే చూస్తూ గొంతు సవరించుకొన్నారు. "ఉన్నది. అన్నం తింటే పోతుంది. తిన్నాక ఇంకొక ఆట. చిట్టెమ్మా, ఇద్దరికీ వడ్డించు."