ఎద్దుమూపు గుట్ట మీద మామాకోడళ్లు

జాస్మిన్‌కి కాబోయే మామగారంటే భయం లేదు గానీ, ఆయనతో ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. సామ్యేలు గారు జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఇంటికి వెళ్లిన ప్రతిసారీ "బాగున్నవా బిడ్డా?" అని అడిగి, జవాబు వినీ వినకముందే పేపరులో తల దూర్చేవారు. నిశ్చితార్థం అయ్యాక కూడా అంతే.

ఆ మాట చెబితే కాబోయే భర్త ఆరోన్ నవ్వేశాడు. "ముగ్గురం ఏదన్న గుట్ట ఎక్కుదాం. ఆడ పేపరుండదు కదా!"

అలా నవంబరులో ఒక శనివారం కారులో వికారాబాద్ దాటి ఎద్దుమూపు గుట్ట కిందికి చేరారు. టికెట్టు లేదు, బోర్డు లేదు. మేకలు తొక్కిన బాట ఒక్కటే ఉంది. పైన మాత్రం నల్లటి బండ మూపురంలా ఆకాశంలోకి పొడుచుకొచ్చింది.

సీతాఫలం పొదలు దాటకముందే ఆరోన్‌కి ఆయాసం వచ్చింది. హైటెక్ సిటీలో రోజంతా కుర్చీలో ఉండే మనిషి. సగం దారిలో ఒక చదును బండ మీద వాలిపోయి, "నాతోని కాదు. మీరు పోయి రాండ్రి" అన్నాడు.

జాస్మిన్ గచ్చిబౌలిలో నర్సు. వార్డుల్లో తిరిగి తిరిగి కాళ్లు గట్టిపడ్డాయి. మామగారు ఏమంటారోనని చూసింది. ఆయన ప్యాంటు అంచులు మడుచుకుని "నడువు బిడ్డా" అన్నారు.

మోదుగ చెట్లు అయిపోయాక గుట్ట వెన్ను మొదలైంది. మనిషి ఒక్కడు పట్టేంత బండల వరస, ఇటు లోయ, అటు లోయ. గాలి చున్నీని లాగేస్తోంది. ఆ చివరన శిఖరం.

"బిడ్డా, జర ఆగు."

"ఏమైందండీ?"

"నాకు ఎత్తంటే భయం. ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే."

"పోనీ దిగిపోదామా మావయ్యగారూ?"

ఆయన శిఖరం వైపు చూశారు. "ఇంత దూరమొచ్చినంక?"

"అయితే నిలబడొద్దు. గుర్రం ఎక్కినట్టు కూర్చుని, చేతులతో నెట్టుకుంటూ వెళ్దాం. కిందికి చూడకండి, నా జడ చూడండి."

ఇద్దరూ బండ మీద కాళ్లు అటూ ఇటూ వేసి, మెల్లగా జరగసాగారు. నడిమధ్యకు వచ్చేసరికి వెనక చర్రుమని చప్పుడైంది.

"ఏంటండీ అది?"

"ప్యాంటు," అన్నారాయన.

జాస్మిన్ పెదవి కొరుక్కుంది. లాభం లేకపోయింది, పకపకా నవ్వేసింది. "నవ్వకు బిడ్డా, పడిపోత!" అంటూ ఆయన అంతకంటే ఎక్కువ నవ్వారు. లోయ అంచున, బండను కరుచుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు.

శిఖరం మీద నిలబడే చోటుంది. జాస్మిన్ తన ఊదారంగు చున్నీ ఆయన నడుముకు చుట్టింది. వెనక్కి చూస్తే తాము దాటి వచ్చిన బండల వరస కొడవలిలా వంగి ఉంది. దాని నీడ అడవి మీద పరుచుకుంది. అవతల చెరువు తళతళలాడుతోంది, పత్తి చేలు తెల్లగా విచ్చుకున్నాయి.

"గింత దూరం కనిపిస్తదా!" అన్నారు సామ్యేలు గారు. చున్నీ ముడి బిగించుకుంటూ, "నీతోటి ఏం మాట్లాడాల్నో నాకు తెల్వకుండె బిడ్డా. నువ్వు దవాఖానల పెద్ద పెద్ద కేసులు చూస్తవ్. నేను గోలీలు ప్యాకింగ్ చేయించినోన్ని" అన్నారు.

"నాకూ తెలియలేదండి. మీ ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో ప్రశ్నలు తయారు చేసుకునేదాన్ని."

"ఏమడుగుదామనుకున్నవ్?"

"టిఫిన్ చేశారా అని."

ఆయన మళ్లీ నవ్వు అందుకున్నారు.

తిరుగు దారిలో ఆయనే ముందు కూర్చుని జరిగారు. కింద ఆరోన్ లేచి కూర్చుని, తండ్రి నడుముకున్న చున్నీని నోరు తెరుచుకుని చూశాడు.

"ఏంది డాడీ గిది?"

"ఎక్కితే తెలుస్తుండె," అన్నారాయన.

కారులో ఆయన ముందు సీటు వదిలేసి జాస్మిన్ పక్కన కూర్చున్నారు. నగరం అంచున తెల్లాపూర్ వచ్చేదాకా ఫ్యాక్టరీ కబుర్లు ఆగలేదు. ఆరోన్ మధ్యలో ఏదో అనబోతే, "నువ్వు బండి చూసి నడుపు" అన్నారు.