తనిఖీ సోమవారం

మా బావమరిదికి చేతిగడియారాలు, నాకు గోడగడియారాలు. ఇది దేవుడు రాసిన రాత కాదు, వకీలు రాసిన రాజీ ఒప్పందం.

పన్నెండేళ్లు ఒకే దుకాణంలో పక్కపక్కన కూర్చుని గడియారాలు బాగుచేశాం. ఒకరోజు ఓ పాత గోడగడియారంలో పళ్లచక్రం విరిగింది. "నువ్వే విరిచావు" అని నేను, "కాదు, నువ్వే" అని అతను. మాటా మాటా పెరిగి కోర్టు దాకా వెళ్లాం. చివరికి వకీలు ఇద్దరినీ కూర్చోబెట్టి దుకాణాన్ని రెండు చేశాడు. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదు. పెట్టడం లేదని తేల్చుకోవడానికి ప్రతి నెలా మొదటి సోమవారం ఒకరి దుకాణాన్ని ఒకరు తనిఖీ చెయ్యాలి. మూడేళ్లు తప్పు దొరక్కపోతే ఒప్పందం రద్దు. దొరికితే మరో ఏడాది పొడిగింపు.

మొదట్లో కోడిగుడ్డు మీద ఈకలు పీకాం. నేనైతే అతని చెత్తబుట్ట కూడా బోర్లించాను. పోనుపోను సొరుగులు తెరవడం తగ్గి, టీలు తాగడం పెరిగింది. మా గడప తొక్కడం మానేసిన మనిషి తన అక్క ఎలా ఉందని అడిగేది ఆ సోమవారాల్లోనే. నేనూ ఆ రోజు పొద్దున్నే గడ్డం గీసుకునేవాణ్ణి.

"మా తమ్ముడి తప్పులు వెతకడానికి ఇంత ముస్తాబా?" అని మా ఆవిడ ఏడిపించేది.

ఆఖరి సోమవారం రానే వచ్చింది. సాయంత్రం వకీలు దగ్గర సంతకాలైపోతే ఇక ఏ వంకతో కలుస్తాం? నోరు తెరిచి రమ్మని పిలుద్దామంటే పౌరుషం అడ్డు. నాకు భయం వేసింది. అందుకే నా బల్ల మధ్యలో, సరిగ్గా దీపం కింద, మా ఆవిడ చేతిగడియారం విప్పి పెట్టాను.

బావమరిది వచ్చాడు. చూశాడు. బల్ల అంచున ఉన్న చిన్న మరమేకును తీసి, పడిపోకుండా మూతలో వేశాడు కూడా. తనిఖీ కాగితం మీద 'తప్పులేమీ లేవు' అని రాసి వెళ్లిపోయాడు.

నా మొహం మాడిపోయింది. పీడ విరగడైతే చాలనుకుంటున్నాడన్నమాట!

మధ్యాహ్నం నా వంతు. కాళ్లీడ్చుకుంటూ వెళ్లాను. గుమ్మానికి ఎదురుగా నిలువెత్తు గోడగడియారం, తలుపు తెరిచి, లోపలి చక్రాలన్నీ బయటపెట్టుకుని ఉంది. పక్కన అతను నోట్లో వేలు పెట్టినా కొరకలేనట్టు కూర్చున్నాడు.

"ఇదేంట్రా?"

"గోడగడియారం. నేనే బాగుచేస్తున్నా. రాసుకో బావా."

"మరి నా బల్ల మీద చేతిగడియారం కనబడలేదా?"

"ఎందుకు కనబడదూ? అది రాస్తే తప్పు నీదవుతుందిగా." తల దించుకున్నాడు. "ఈసారి తప్పు నాదే కానివ్వు. అప్పటి పళ్లచక్రం కూడా నేనే విరిచాను బావా. చెప్పడానికి నోరు రాలేదు."

నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

"ఏడుపుమొహమా! ఆ మాట మూడేళ్ల క్రితమే చెప్పి ఉంటే వకీలుకి పని తప్పేది కదరా!"

సాయంత్రం వకీలు అద్దాల పైనుంచి చూసి, "పొడిగింపా, రద్దా?" అన్నాడు.

"రద్దు" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

మర్నాడు మంగళవారం. తనిఖీ లేదు. పొద్దున్నే అతను తన స్టూలు చంకన పెట్టుకుని వచ్చాడు. నేను పక్కకి జరిగాను. మా ఆవిడ గడియారం మాత్రం ఇంకా విప్పే ఉంది. బాగుచేసేది నేనంటే నేనని పోట్లాడుకుంటున్నాం.