దేవవ్వ కండెకు చుట్టిన పొద్దు

నిజమే చెప్తున్న. ఇందుల ఆవగింజంత అబద్ధమున్నా, ధర్మపురి నర్సింహస్వామి సాక్షిగ, నా నోట్ల మిగిలిన పండ్లన్ని ఊడి నీ చాయల పడాలె. కప్పు జర దూరం జరుపుకొని ఇను.

ఇచ్చోడ దాటి అడవి దిక్కు పోతే ఒక జింకల పార్కున్నది. కంచె పక్కపొంటి వాచర్ల ఇండ్లు. అండ్ల మంజులది నడిమి ఇల్లు. పొద్దుగాల లేచి వాకిలి ఊడ్చుడు, మొగడు నాగరాజుకు సద్ది గట్టుడు, తునికాకు తడిపి బీడీలు చేసుకుంట కూసునుడు, ఇదే ఆమె దినం.

మంజుల అత్త దేవవ్వది సిరిసిల్ల. సాంచల, అంటే మరమగ్గాల, చప్పుడుకే నిద్రపోయి, సాంచలు ఆగితే లేచిన మనిషి. కొడుక్కు వాచర్ నౌకరి దొరికితే వెంట వచ్చింది గని, చేతులు ఊరుకుంటయా? రాట్నం తెచ్చుకున్నది. ఈడ నూలేడిది? బతుకమ్మ పండుగ పోయినంక, రోజూ సాయంత్రం వాకిట్ల ఇంత వెలుగు వేలాడతది గద, దాని కొస పట్టి కండెకు చుట్టేది. దినం అంత కురుచయ్యేది. చలి విరిగినంక రోజింత విడిచేది. దినం మళ్ల పొడుగయ్యేది.

పక్కింటి అనసూర్య గోడ మీదికెళ్లి ఒర్లేది. "వదినే! ఇయ్యాల జర లావు చుట్టినవ్. నా పిల్లల బట్టలు ఆరనే లే!"

"రేపు సన్నగ తీస్త తియ్యే!"

గంతే ముచ్చట.

ఇగ మోతి. మోతి అంటే కణుజు, అడవి జింకలల్ల అన్నిటికన్న పెద్ద జాతి. తల్లి చచ్చిన కూనను నాగరాజు సంకనేసుకొని వస్తే, మంజుల పాలసీస పట్టి పెంచింది. పెరిగి పెరిగి ఏనుగంత అయింది. కొమ్ములా? ఒక కొమ్ము కొస ఆదిలాబాద్ల ఉంటే ఇంకో కొస కాగజ్‌నగర్ల ఉండేది. నవ్వకు, తగ్గించే చెప్తున్న.

పాలసీసతోని పెరిగిన మగ కణుజుతోనే అసలు భయం. అడవిల పుట్టిందైతే మనిషి వాసనకే ఉరుకుతది. ఇదెందుకు ఉరుకుతది? ఏడాదంత మంజుల కొంగు నమిలే జీవం, చలికాలం రాంగనే బురదల పొర్లేది, చెట్ల బెరడు చీల్చేది, కండ్లల్ల నిప్పులు పోసుకునేది. ఎద కాలం. అప్పుడు దానికి అవ్వ లేదు, బాపు లేడు.

ఆ కాలం ఎప్పుడొస్తది, ఎప్పుడు పోతది అన్న కాడ వాచర్లందరిది ఒకటే లెక్క. పెద్ద వాచర్ అంతయ్యకు వాళ్ల తాత నేర్పిండు. "చంద్రుడు నిండుతుంటే మదం నిండుతది, చంద్రుడు అరుగుతుంటే అరుగుతది. అమాస దగ్గరికొచ్చిందా, కట్టె లేకున్నా లోపలికి పోవచ్చు."

దేవవ్వ మూతి తిప్పింది. "పున్నానికి వెన్నెలుంటది, అవి కొట్లాడుడు మీకు కండ్లవడతది. అమాసకు కండ్లవడది. గంతే గని, దానికి చంద్రునితోని పనేందయ్యా? పొద్దు కురుచైతేనే దాని నెత్తురుకు కబురందుతది."

"నీ రాట్నం నువ్వు చూసుకో వదినే."

"దాన్ని చూసే చెప్తున్న."

కార్తీకం అమాస దగ్గరికొచ్చింది. పొద్దు గుంకే యాళ్లకు నాగరాజు మోతి నాకే ఉప్పుగడ్డ సంచిల ఏసుకొని బయలెల్లిండు. కట్టె దర్వాజ పక్కన ఒరగబెట్టే ఉన్నది.

"ఏమయ్యో, కట్టె!" అన్నది మంజుల.

"అమాసొచ్చె. ఇప్పుడు నీ కొడుకు మేకపిల్లోలె ఉంటడు తియ్యి," అని నవ్వుకుంట పోయిండు.

మంజుల బీడీకి దారం చుట్టుతుంటే కేక ఇనవడ్డది. చాట ఆడనే పారేసి ఉరికింది.

కంచె లోపట టేకు చెట్టుకు నాగరాజు వీపు ఆని ఉన్నది. ఆయనకు అటొక కొమ్ము, ఇటొక కొమ్ము చెట్టుల దిగినయి. మోతి నుదురు ఆయన రొమ్ము మీద ఉన్నది. ఆయన ఊపిరి తీస్తే అది ఇంకింత నూకుతున్నది. కంచె బయట అంతయ్య ఆకాశం దిక్కు చూస్తున్నడు.

"చంద్రుడు అరిగిండు గద బిడ్డా... అరిగిండు గద..."

"పోయి దానికి చెప్పు కాకా!"

మత్తుసూది ఏసే డాక్టరు ఆదిలాబాద్ నుంచి రావాలె. అంతసేపు ఆ రొమ్ముల ఊపిరి నిలవది. అరిస్తే మోతి ఇంక నూకుతది. మంజుల అరవలే. ఎనుకకు తిరిగి ఇంటికే ఉరికింది.

దేవవ్వ వాకిట్ల రాట్నం ముందల కూసోని ఆనాటి పొద్దు కొస తీస్తున్నది.

"అత్తా, చుట్టకు! విడువు!"

దేవవ్వ చెయ్యి ఆగింది. "ఎంత?"

"ఉన్నదంత."

"అంత విడిస్తే ఎండాకాలానికి పొద్దేడికెళ్లి తేవాలె? మామిడి ఒరుగులు ఎండయి, మిరపకాయలు ఎండయి..."

"ఆడ నీ కొడుకున్నడత్తా!"

దేవవ్వ కండె తీసి కోడలి చేతిల పెట్టింది. "మెల్లగ తియ్యి బిడ్డా. గుంజితే తెగుతది. తెగిందా, చీకటే."

మంజుల గేటు తీసి లోపలికి పోయింది. కండెను రెండు వేళ్ల నడుమ తిప్పుకుంట కొస విడిచింది. టేకు చెట్ల ఎనుకకు దిగిన సూర్యుడు ఆగిండు. మళ్ల జానెడు మీదికెక్కిండు. మంజుల ఇంకింత విడిచింది. చలి విరిగింది. ఆకులే రాలని మోదుగు చెట్టుకు పూలు పూసినయి.

మోతి చెవి ఒకటి కదిలింది. కొమ్ములు కదల్లే.

ఇంకింత విడుద్దామని చెయ్యి జరిపేసరికి పోగు కంచె ముల్లుకు తట్టుకున్నది. టప్పున తెగింది.

చీకటి. గుడ్డి చీకటి. ఆ చీకట్ల మోతి బుస, నాగరాజు గొంతుల గురక.

"మంజులా..."

"మాట్లాడకు! ఊపిరి దాచుకో!"

ఆమె మోకాళ్ల మీద కూసోని గడ్డిల తడిమింది. ఒక కొస దొరికింది. రెండోది దొరకలే. తడిమింది. దొరికింది. సిరిసిల్లల తెగిన పోగు ఎట్ల అతుకుతరో అత్త నేర్పింది. వేలు నాలుకకు తడుపుకొని, రెండు కొసలు కలిపి, నలిచింది. చేతులు వణికితే అతుకు నిలవది. ఆమె చేతులు వణకలే. ఆ సంగతి తల్చుకొని ఇప్పటికీ వణుకుతది.

వెలుగొచ్చింది. మాఘం వెలుగు, పాల్గుణం వెలుగు, ఒకదాని ఎనుక ఒకటి కండె మీది నుంచి దిగినయి. మోతి మెడ నరాలు సడలినయి. ఏటేటా కొమ్ములు ఊడే కాలం వచ్చిందని దాని నెత్తురుకు కబురందింది.

ఒక కొమ్ము ఊడింది. ఎనుకనే రెండోది. ఆ చప్పుడు ఎంతదంటే, కాగజ్‌నగర్ల జనం మిల్లు సైరన్ అనుకొని సద్ది డబ్బాలు పట్టుకొని బయలెల్లిన్రు. కొమ్ములు టేకు చెట్టుకే ఉన్నయి. బోడినెత్తి మోతి ఎనుకకు జరిగి, నిద్రల లేపితే చూసినట్టు చూసింది. నాగరాజు చెట్టు ఎంబడి కిందికి జారి, దగ్గి, ఊపిరి తీసిండు.

మోతి వచ్చి మంజుల కొంగు నోట్ల పెట్టుకున్నది. ఆమె దాని చెంప మీద ఒక్కటిచ్చింది. ఎనుకనే దాని మెడ పట్టుకొని ఏడ్చింది.

"చూసినవా, అమాస మహిమ!" అన్నడు అంతయ్య కంచె బయట నిలవడే.

ఆ ఎండాకాలం దినాలు బెత్తెడంత ఉండె. అంబలి తాగి మూతి తుడుచుకునే లోపటనే దీపాలు పెట్టుకున్నరు. అనసూర్య బూజువట్టిన మామిడి ఒరుగులు చూపించి ఇప్పటికీ తిడుతది. నాగరాజు పక్కటెముకలు అతికినయి. మోతికి కొమ్ములు మళ్ల మొలిచినయి, ఈసారి ఇంక పెద్దగ.

చాయ అయిపోయిందా? ఇగో, గీ ఖాళీ కండె దేవవ్వది. అతికిన పోగు తాకిన కాడ మెరుస్తదంటే చూద్దామని తెచ్చుకున్న. బతుకమ్మ పండుగ నిన్ననే పాయె, ఇయ్యాల్టి నుంచి ఆమె మళ్ల చుట్టాలె. జర తీస్కపోయి ఇచ్చి రా. గీ ఉప్పుగడ్డ మోతికి, కంచె బయట నిలవడే ఏయి. తొవ్వల అంతయ్య ఆపి చంద్రుని ముచ్చట పెడితే నిలవడకు.

కట్టె దర్వాజ పక్కనున్నది. మర్వకు.