జానయ్య కంటి కరెంటు

కరెంటు పుట్టించే కన్ను పాలమూరు జిల్లా మొత్తంలో జానయ్యకు ఒక్కడికే ఉంది. ఆ కంటికి వైర్లు తగిలించిన రోజు దవాఖానలో ఫ్యూజులు ఎగిరిపోయాయి, రోడ్డు మీద పట్టపగలే వీధిదీపాలు వెలిగాయి. నమ్మకపోతే కల్వకుర్తి బస్టాండులో ఎవరినైనా అడగండి.

వాళ్లకు చెప్పింది నేనే కాబట్టి అసలు సంగతి కూడా నేనే చెప్పాలి. ఆ రోజు ఆ కన్ను దోమ రెక్క కదిలించేంత కరెంటు కూడా ఇవ్వలేదు. పైగా కరెంటు కన్ను మీకూ ఉంది, నాకూ ఉంది. వెలుతురు పడగానే కంటి వెనక తెర రవ్వంత కరెంటు పుట్టిస్తుంది. దాన్ని కొలిచి తెర బతికి ఉందా లేదా చెప్పే మిషను ఒకటుంది. జానయ్య కంటికి ఆ మిషను గీసిన గీత గుంటక తోలిన చేనులా చదునుగా వచ్చింది.

జానయ్య గొర్రెల కాపరి. కుడికన్ను చిన్ననాడే తుమ్మముల్లుకు పోయింది. ఒంటికన్నుతోనే అరవై ఏళ్లు మంద వెంట తిరిగాడు. ఇప్పుడు ఆ ఎడమకంటికీ మీగడ కట్టినట్టు శుక్లం పట్టింది. మనిషిని గొంతుతో, గొర్రెను చెవి తడిమి గుర్తుపడుతున్నాడు. పాలమూరు కంటి దవాఖానలో డాక్టర్ అమరేందర్ చూసి, శుక్లం బాగా ముదిరింది, దాని వెనక తెర నాకు కనిపించడం లేదు, తెర మంచిగా ఉంటేనే ఆపరేషన్‌తో లాభం అని ఆ పరీక్ష రాశాడు.

పరీక్ష రోజు పొద్దున్నే జానయ్య భార్య కిష్టమ్మ ఆయన నడినెత్తిన ఆముదం పోసి మర్దించింది, రెప్పల మీద కూడా రాసింది. పెద్ద పని మీద ఊరు దాటేవాడి కళ్లు చల్లగా ఉండాలని వాళ్లింట్లో అత్తల కాలం నుంచి ఉన్న పద్ధతి. దవాఖానలో మిషను చూసే నాజియా ఆయన మొహం దూదితో తుడిచి, కంట్లో చుక్కలు వేసి, గంతలు కట్టి అరగంట చీకటిగదిలో కూర్చోబెట్టింది. ఆ అరగంటలో నెత్తి మీది ఆముదం నిదానంగా చెంపల మీదికి దిగింది. గంతలు విప్పి ఆ చీకట్లోనే కంటి కింద వైరు అంటించారు. కంటి ముందు మిషను మెరుపులు మెరిశాయి, గీత మాత్రం లేవలేదు.

తెర పనిచేయడం లేదు, కోసినా చూపు రాదు అన్నాడు డాక్టరు. కిష్టమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. జానయ్య మాత్రం గది బయట బల్ల మీద చేతికర్ర అడ్డం పెట్టుకొని కూర్చుండిపోయాడు. బస్సు పోతుందని భార్య చెప్పింది, పోనీ అన్నాడు. తాళం వేయాలని ఆయా చెప్పింది, నన్ను లోపలే పెట్టి వేసుకో అన్నాడు. మధ్యాహ్నం రెండు గంటలకు డాక్టరు బయటికొచ్చాడు.

“తాతా, ఇంకా పోలేదా?”

“ఎట్ల పోవాలె సారూ? తెర సచ్చిందంటిరి. మరి పొద్దు ఏ దిక్కు పొడుస్తాందో నాకెట్ల ఎరుకైతాంది? మీ బత్తి కొట్టి సూడున్రి. ఒక్క దిక్కు తప్పు జెప్పినా లేసి పోత.”

డాక్టరు టార్చి తీశాడు. పైనుంచి, కిందినుంచి, అటునుంచి, ఇటునుంచి వెలుగు వేశాడు. నాలుగూ సరిగ్గా చెప్పాడు జానయ్య. ఐదోసారి డాక్టరు వెలిగించకుండానే అడిగితే, “నా తోటి పరాచికమా సారూ, బత్తి ఆరిపోయింది” అన్నాడు.

అమరేందర్ నుదురు రుద్దుకున్నాడు. మనిషి చెప్పేదీ మిషను చెప్పేదీ కలవడం లేదు. నాజియాను పిలిచి వైరు సరిగా అంటిందా అని అడిగాడు. మొదట్లో జారింది, తర్వాత కదలలేదు సార్ అంది ఆమె.

“ఎట్ల కదుల్తది బిడ్డా?” అన్నాడు జానయ్య గొప్పగా. “జారుతాంటే నేనే బొటనవేలు తోటి ఒత్తిపట్టిన గద. చీకట్ల నీకు తక్లీఫ్ అయితదని చెప్పలే.”

నాజియా ఆయన చెంప తాకి చూసి, జిడ్డయిన వేలు డాక్టరుకు చూపించింది. జిడ్డు అడ్డుపడి వైరు చర్మానికి అంటనే లేదు; పెద్దమనిషి మిషనుకు చూపించింది కన్ను కాదు, ఆముదం పూసిన బొటనవేలు.

“అరగంట అయినంక మళ్ల తుడవలే సార్, నాదీ తప్పే” అంది ఆమె.

వచ్చే బుధవారం రమ్మన్నారు. ఆ వారం కిష్టమ్మ ఆముదం సీసాను పక్కింట్లో దాచిపెట్టింది, తన చేతి మీద తనకే నమ్మకం లేక. జానయ్య కుంకుడుకాయలతో మూడుసార్లు తలంటుకున్నాడు. బుధవారం నాజియా చర్మం కరకరలాడేదాకా తుడిచి వైరు అంటించింది. జానయ్య రెండు చేతులూ తొడల కింద పెట్టుకు కూర్చున్నాడు. ఈసారి గీత లేచింది. డాక్టరు అంతటితో ఒప్పుకోలేదు, మొత్తం మళ్లీ చేయించాడు. రెండోసారీ అదే తీరుగా లేచింది.

“రెండుసార్లు ఒక్కతీరు వచ్చింది, ఇప్పుడు నమ్ముత” అన్నాడు అమరేందర్. “కానీ తాతా, ఉండాల్సినదాంట్ల సగమే ఉంది. ఆపరేషన్ చేసినా ఎంత చూపు వస్తదో మాట ఇయ్యలేను.”

“సగం చాలు సారూ. అరవయ్యేండ్ల సంది సగం తోటే ఎల్లదీస్తున్న.”

ఆపరేషన్ అయింది. మర్నాడు పట్టీ విప్పగానే జానయ్య గోడ మీది పటంలో మూడో వరుస అక్షరాలు గడగడా చదివాడు.

ఇది కూడా నేను కల్పించిందే. జానయ్యకు అక్షరం ముక్క రాదు. డాక్టరు ఆరడుగుల దూరంలో నిలబడి వేళ్లు చూపించాడు. జానయ్య చాలాసేపు చూసి మూడు అన్నాడు. అవి మూడే.